కుండమార్పు కిడ్నీలు

జూన్ 4, పొద్దున ఆరు

ఇవాళే ఆపరేషన్. నా కిడ్నీ నా కూతురు చిట్టికి పడదని ఎప్పుడో తేల్చారు, బ్లడ్ గ్రూపు కలవలేదు. పక్క మంచం మీదున్న బస్సు డ్రైవరుకీ అదే తంటా. ఆయనది వాళ్ళావిడ టైలరమ్మకి పడదు. అందుకని ఆయనది మా చిట్టికి, నాది టైలరమ్మకి. ఇది కుండమార్పు సంబంధమేనండీ అని డ్రైవరు ఒకటే నవ్వు. నన్ను వియ్యంకుడుగారూ అంటున్నాడు. ఆపరేషన్ గౌనుకి ముడి వెనకాల ఉంటుంది. చేతులు అందక ఒకరిది ఒకరం కట్టుకున్నాం. నాకు భయం లేదు. అబద్ధం. కొంచెం ఉంది.

జూన్ 6

నవ్వితే కుట్లు ప్రాణం తీస్తున్నాయి, అయినా నవ్వు ఆగదే! మూడేళ్ళు డయాలసిస్ మీద ఉన్న పిల్ల. చుక్క ఒంటేలు వచ్చేది కాదు. ఇప్పుడు సంచి నిండిపోయి మార్చారట! నర్సు ఆ సంచి ఎత్తి చూపిస్తే దండం పెట్టాను. దండం ఎవరికి తాతా, నాకా సంచికా అంది. ఇద్దరికీ అన్నాను.

జూన్ 7

చిట్టి గ్లాసు నిండా నీళ్ళు తాగింది. మూడేళ్ళలో మొదటిసారి, కొలవకుండా.

జూన్ 12

చిట్టి క్రియాటినిన్ ఒకటీ పాయింట్ ఒకటి. అది ఎంత తగ్గితే కిడ్నీ అంత బాగా పనిచేస్తున్నట్టట. చూశారా మా సరుకు అని డ్రైవరు నా మంచం దగ్గర మీసం తిప్పాడు. మరి నాది ఎలా ఉందయ్యా అని అడిగాను. మొహం పక్కకి తిప్పుకున్నాడు. టైలరమ్మకి నిన్నటి నుంచి యూరిన్ తగ్గిందట. క్రియాటినిన్ మూడు దాటిందట.

నలభై ఏళ్ళు మోటార్లకి వైండింగ్ చేశాను. నేను చుట్టిన మోటారు ఒక్కటి వెనక్కి రాలేదు. ఇప్పుడు అరవై మూడేళ్ళ పాత సరుకు ఆ తల్లికి అంటగట్టానా?

జూన్ 13

బయాప్సీలో రిజెక్షన్ అని వచ్చింది. నీ కిడ్నీలో లోపం లేదు పెద్దాయనా అంది డాక్టరమ్మ. ఆవిడ ఒంట్లో కాపలా గట్టిదట. కొత్తవాడు కనిపించాడని కర్రలు తీసుకుని లేచిందట. మూడు రోజులు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చి ఆ కాపలావాళ్ళని జోకొడతారట. నా దగ్గర ఇంకోటి ఉంది కదమ్మా, అది పనికొస్తుందేమో చూడండి అన్నాను. డాక్టరమ్మ కళ్ళజోడు తీసేసింది. ఆ రెండోదీ తీస్తే నీకు ఇంకో వియ్యంకుణ్ణి వెతకాలయ్యా అంది.

చిట్టికి చెప్పకూడదనుకున్నాను. మొహం చూసి పట్టేసింది. వాళ్ళది నాలో పనిచేస్తుంటే, మనది వాళ్ళ దగ్గర ఆగిపోతే, నేను నీళ్ళెలా మింగను నాన్నా అని ఏడ్చింది. గ్లాసు పక్కన పెట్టేసింది. నర్సు తిట్టి తాగించింది.

జూన్ 14

మాస్కు కట్టుకుని టైలరమ్మ గది గుమ్మం దాకా వెళ్ళాను, క్షమించమ్మా అందామని. ఆవిడే ముందు మొదలుపెట్టింది. మీది మంచిదే అన్నయ్యగారూ, నా ఒళ్ళే మొండిది, పెళ్ళైన కొత్తలో మా ఆయన్నే ఆరు నెలలు దగ్గరికి రానివ్వలేదు అంది. డ్రైవరు గోడ వైపు తిరిగాడు. చెవులు ఎర్రబడ్డాయి.

వచ్చేముందు నా కిడ్నీకి మనసులోనే చెప్పాను. ఒరేయ్, కొత్త చోటు. తల వంచుకుని పని చేసుకో. ఎదురు మాట్లాడకు.

జూన్ 16

టైలరమ్మకి యూరిన్ పెరిగింది. అరగ్లాసే. అరగ్లాసైతే ఏం!

జూన్ 19

టైలరమ్మ క్రియాటినిన్ ఒకటీ పాయింట్ ఆరు!! డ్రైవరు ఒక చేత్తో కుట్లు పట్టుకుని, ఇంకో చేత్తో కాగితం ఊపుతూ వరండా అంతా దద్దరిల్లేలా వియ్యంకుడుగారూ అని అరిచాడు. కౌగిలించుకుందామంటే ఇద్దరికీ కుట్లే. చేతులు పట్టుకుని నిలబడ్డాం. ఆ కాపలా పూర్తిగా నిద్రపోదట, మందులు జీవితాంతం వేసుకోవాలట. వేసుకుంటుంది. మా చిట్టీ వేసుకుంటుంది. అయ్య బాబోయ్, ఇంత సంతోషం ఎక్కడ పెట్టుకోను!

ఆగస్టు 2

ఇవాళ టైలరమ్మ వాళ్ళింటికి వెళ్ళాం. మేం కూర్చున్న గంటలో ఆవిడ మూడుసార్లు బాత్రూంకి వెళ్ళొచ్చింది. మూడుసార్లూ నాకు లేచి చప్పట్లు కొట్టాలనిపించింది. బాగుండదని ఊరుకున్నాను.