కల్యాణి పేరున్న బిందె

భిలాయి,
11 జూన్ 2025

పూజ్యులైన అత్తయ్యగారికి నమస్కారాలు.

నేను కులాసాగానే ఉన్నాను. కల్యాణి పోయాక వంట కూడా అలవాటైంది. మీ మోకాలి నొప్పి తగ్గిందని అమ్ము ఫోన్లో చెప్పింది. నా కూతురు ఉద్యోగం చేసుకుంటూ మీ దగ్గర ఉండడం నాకు ధైర్యం. ఈ ఉత్తరం మాత్రం దానిచేత చదివించకండి. అద్దాలు పెట్టుకుని మీరే చదవండి.

కిందటి ఉత్తరంలో రెండు సంగతులు రాశారు. ఈ వయసులో నాకు పోలీసు సర్టిఫికెట్ ఎందుకని అడిగారు. కల్యాణి ఇత్తడి బిందె అమ్ముకి పంపమన్నారు.

నందిని గనుల కాలనీలో ఒక చిన్న బడివాళ్ళు లెక్కలు చెప్పమన్నారు. పిల్లలతో పని కనుక నా మీద కేసులు లేవని కాగితం కావాలట. దరఖాస్తు పెట్టాను. విచారణకు ఛాయ అనే కానిస్టేబుల్ ఇంటికి వచ్చింది. శ్రీకాకుళం వాళ్ళ పిల్ల, పుట్టింది ఇక్కడే.

"రికార్డంతా చూసేసాం అంకుల్. ఏటీ లేదు, బిల్‌కుల్ సాఫ్. ఇన్నేళ్ళలో ఎవరితోనూ గొడవే పడలేదేటి?" అని నవ్వింది.

టీ ఇచ్చాను. జవాబు ఇవ్వలేదు. అది మీకు ఇవ్వాల్సిన జవాబు.

1989 ఎండాకాలం. మా బస్తీకి వారం రోజులు నీళ్ళు రాలేదు. ఆడా మగా బిందెలతో రోడ్డుకు అడ్డంగా కూర్చున్నాం. ఒక లారీ ఆగకుండా మీదికి వచ్చింది. చేతికందిన బిందె విసిరాను. అద్దం పగిలి డ్రైవరుకు నుదురు చిట్లింది. అది మీరు పెళ్ళికి పెట్టిన బిందె. అంచు మీద మీరు కొట్టించిన పేరుంది. విసిరేటప్పుడు ఆ సంగతి నాకు తట్టలేదు.

పోలీసు దాన్ని పైకెత్తి, "యే క్యా లిఖా హై?" అని, ఏం రాసి ఉందో అడిగాడు. తెలుగు అక్షరాలు, అతనికి చదవడం రాదు. కల్యాణి ఏ పేరైనా చెప్పి ఉండొచ్చు. నావైపు చూడను కూడా లేదు. వచ్చీరాని హిందీలో, "కల్యాణి అని ఉంది. నేనే. నేనే విసిరాను" అంది.

నేను పక్కనే ఉన్నాను. ప్లాంటులో ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. నోరు తెరవలేదు.

కోర్టులో జరిమానా వేసి, బిందె తిరిగి ఇచ్చారు. ఇంటికొచ్చి నేను ఏడిస్తే, "ఏటండీ ఆ ఏడుపు? సొట్ట చూశారా? మా అమ్మ చూస్తే చంపేస్తాది. దానికి ఏడవండి" అంది.

మరుసటి ఏడు తనకు టీచరు ఉద్యోగం వచ్చింది. ఇలాంటి కాగితమే అడిగారు. తన పేరున కేసు ఉంది కనుక తను ఠాణాకు వెళ్ళలేదు. చదువుకున్న కూతుర్ని అల్లుడు ఇంట్లో కూర్చోబెట్టాడని మీరు ముప్ఫై ఏళ్ళు అన్నారు. నిజం కంటే ఆ మాటే తేలిక. అందుకే పడ్డాను. తను ఒక్కసారీ దెప్పలేదు. వరండాలో చాప పరిచి బస్తీ పిల్లలకు లెక్కలు చెప్పుకుంది. అంత గుండె ఉన్న మనిషిని నేను మరొకరిని చూడలేదు.

సర్టిఫికెట్ నిన్న వచ్చింది. బడికి ఇంకా ఇవ్వలేదు. మీరు ఇమ్మంటే ఇస్తాను.

పక్కింటి ఉదయ్‌కుమార్ సోమవారం విజయనగరం వస్తున్నాడు. బిందె అతనిచేత పంపుతున్నాను. చింతపండుతో తోమాను. సొట్ట తీయించలేదు. అమ్ముకి ఇచ్చేటప్పుడు అది ఎలా పడిందో మీరే చెప్పండి.

ఇట్లు,
మీ అల్లుడు
నరసింగరావు