తూర్పు గట్టు ఫొటో

గురువారం, రాత్రి

సప్లీలో కూడా రెండు సబ్జెక్టులు పోయాయి. ఇంట్లో ఇంకా చెప్పలేదు. ముందు ఫొటోలతో ఏదో ఒక పని సంపాదించుకుందామని ఇవాళ ఆకివీడు వెళ్లాను. చేపల చెరువుల రాజుగారు కొత్తగా హోటల్ కడుతున్నారు. గోడలకి కొల్లేరు పక్షుల ఫొటోలు తీసుకుంటారేమోనని నా ఆశ.

ఆయన ఓపిగ్గానే చూశారు. గూడబాతులు బారుగా నీళ్లలోకి దిగుతున్న ఫొటో దగ్గర ఆగిపోయారు.

"ఇది మన చెరువేనామ్మా? ఏ గట్టు?"

"తూర్పు గట్టండి. తెల్లవారుజామున వెలుతురు బాగుంటుందండి," అన్నాను, నచ్చిందనుకుని.

వెంటనే కాపలా మనిషికి ఫోన్ చేశారు. "పిట్ట కూడా వాలట్లేదన్నావు కదయ్యా. తూర్పు గట్టున చేపల్ని మింగేస్తున్నాయి. రేపు చీకటితోనే టపాసులు పట్టుకెళ్లు."

తర్వాత నాతో, "నీ చూపు మంచిదమ్మా. ఎక్కడ దిగుతున్నాయో ఇలాగే తీసి పంపుతూ ఉండు, నెలకింతని ఇస్తాను," అన్నారు.

గోడల మాట ఎత్తలేకపోయాను. ఆలోచించుకుని చెబుతానండి అని వచ్చేశాను. వద్దనడానికి మాత్రం నోరు రాలేదు. ఇప్పటికీ రావడం లేదు. తెల్లవారుజామున ఆ గూడబాతులు అక్కడికే వస్తాయి. చోటు చెప్పింది నేనే...