తస్లీమ్‌కి పవర్ ఇచ్చేస్తున్నా!

జులై 7, సోమవారం
ఉదయం 6.30. నిర్ణయం అయిపోయింది! తస్లీమ్‌కి పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చేస్తున్నాను. ఇంక కంపెనీ సంతకాలన్నీ ఆవిడవే. బ్యాంకు, టెండర్లు, జీతాలు, అన్నీ!

కంపెనీ అంటే మరీ పెద్దదేం కాదు. ఫోన్లో నొక్కితే పొలంలో బోరు మోటారు తిరిగే పెట్టెలు చేస్తాం. ఆఫీసు నందిగామలో, నేను జగ్గయ్యపేటలో. నేను బస్సు దిగేదాకా అక్కడ చీపురు కొనాలన్నా ఆగాల్సిందే. మొన్న తస్లీమ్ మొహం మీదే అడిగేసింది.

"సార్, ఆరేళ్ళ నుంచి అన్నీ నేనే చూస్తున్నా. చీపురుక్కూడా మీ సంతకమేనా? హైదరాబాద్ నుంచి ఆఫరొచ్చింది. ఇరవై ఒకటిన జాయినింగ్. ఈలోపు పవరిస్తే ఉంటా. లేకపోతే వెళ్తా."

ఆవిడ వెళ్తే కంపెనీ ఉండదు. ఆ సంగతి నాకు తెలుసు. మా ఆవిడ రాజ్యశ్రీకి ఇంకా బాగా తెలుసు. ఇచ్చేద్దాం! అబ్బ, ఎంత హాయిగా ఉందో! ఇంక రోజూ మధ్యాహ్నం నిద్రే!

జులై 8, మంగళవారం
డాక్యుమెంట్ రైటర్ ప్రేమదాసు టకటకా కొట్టిచ్చేశాడు.

"షరతులేవన్నా పెట్టమంటారాండి?"

"ఒక్కటి కూడా వద్దు!"

నా గొంతు నాకే ముద్దొచ్చింది. తస్లీమ్ ఆఫీసులో అందరికీ సమోసాలు తెప్పించింది. బిల్లు మీద సంతకం నాదే. ఇదే ఆఖరు!

జులై 9, బుధవారం
వేదాద్రి గుడి. స్వామి పాదాల దగ్గర పెట్టకుండా అంత పెద్ద కాగితం మీద సంతకమా? నాలుగు మూలలా పసుపు రాశాను. కొబ్బరికాయ నేనే కొట్టాను. భక్తి కొంచెం ఎక్కువైనట్టుంది, నీళ్ళన్నీ స్టాంపు పేపరు మీదే! అక్షరాలన్నీ అలుక్కుపోయాయి.

"అయ్యయ్యో" అన్నాను.

"అయ్యయ్యో అంటూ ఆ నవ్వేంటండీ?" అంది రాజ్యశ్రీ.

నవ్వానా? నేనా?

జులై 10, గురువారం
కొత్త స్టాంపు పేపరు. ప్రేమదాసు మళ్ళీ షరతుల గురించి అడిగాడు. "చిన్నది ఒక్కటి" అన్నాను. చెక్కులు మాత్రం నాకు చెప్పి ఇవ్వాలి. న్యాయమే కదా! ఆ తర్వాత టెండర్లు. ఆ తర్వాత జీతాలు, అవి నా సమక్షంలో. సాయంత్రానికి నన్నడక్కుండా తస్లీమ్ చేయగలిగింది ఒక్కటే మిగిలింది, కొరియర్ కవర్లు తీసుకోవడం. అవీ పల్చటివైతేనే.

ప్రేమదాసు కళ్ళద్దాలు తీసేశాడు. "దీనికి స్టాంపు పేపరు దండగండి బాబూ. ఆమె ఇప్పుడు చేసేదే ఇంతకంటే ఎక్కువండి."

వీడికేం తెలుసు వ్యాపారం!

జులై 12, శనివారం
ఆషాఢం! అసలెలా మర్చిపోయాను? శూన్యమాసంలో కొత్త పనులా? వెంటనే తస్లీమ్‌కి ఫోన్.

"మీ శ్రావణం ఎప్పుడొస్తుంది సార్?"

"ఇరవై ఐదున."

"నా జాయినింగ్ ఇరవై ఒకటి సార్."

పక్కనుంచి రాజ్యశ్రీ గట్టిగా, ఫోన్లో వినపడేలా, "కిందటేడు ఆషాఢంలోనే కదండీ స్కూటర్ కొన్నారు, డిస్కౌంటుందని!" అంది. శత్రువులు బయటెక్కడో ఉండరు.

జులై 15, మంగళవారం
సరే, షరతులతోనే రిజిస్ట్రేషన్. మధ్యాహ్నం రమ్మన్నారు. పొద్దున్నే బస్సెక్కాను కూడా! చిల్లకల్లు దగ్గర ఒక రైతు ఫోన్ చేశాడు, మోటారు తిరగట్లేదని. తస్లీమ్‌కి చెప్తే మెకానిక్‌ని పంపేది. నేనే దిగిపోయాను. ఎందుకు దిగానో దేవుడికే తెలియాలి. పెట్టె మొత్తం విప్పదీశాక తెలిసింది, అసలు కరెంటే లేదు!

నందిగామ చేరేసరికి రిజిస్ట్రేషన్ ఆఫీసు మూసేశారు. మెట్ల మీద తస్లీమ్, సాక్షి సంతకానికొచ్చిన వాళ్ళ నాన్న మొహిద్దీన్ గారు. ఆయన పాపం కొత్త చొక్కా వేసుకొచ్చారు.

"తిన్నారా సార్?" అనడిగింది తస్లీమ్. నాలుగు తిట్టినా బాగుండేది.

జులై 16, బుధవారం
తస్లీమ్ టేబులు సర్దుకుంటోంది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాను. కలుపుతూనే ఉన్నాను.

"ఏంటండీ మీ భయం? ఆ పిల్ల మోసం చేస్తుందనా?" అంది రాజ్యశ్రీ.

"ఛ! నేను లేకపోయినా బ్రహ్మాండంగా నడిపేస్తుందని!"

నోట్లోంచి అదే వచ్చేసింది. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. రాజ్యశ్రీ ముందు పగలబడి నవ్వింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. ప్రేమదాసుకి ఫోన్ చేశాను. షరతులన్నీ తీసెయ్! తస్లీమ్‌కీ చేశాను.

"ఎల్లుండి ఒక్కరోజు వస్తా సార్. మళ్ళీ మెట్ల మీద మాత్రం కూర్చోను" అంది.

జులై 18, శుక్రవారం
ఉదయం 9.00. రిజిస్ట్రేషన్ ఆఫీసు తాళం ఇంకా తీయలేదు. మేం వచ్చేశాం! నా ఫోన్ రాజ్యశ్రీ బ్యాగులో ఉంది. మోగుతోంది. మోగనీ.

11.40. సంతకం! వేలిముద్ర! ఫోటో! ఇచ్చేశాను! కంచికచర్ల దాకా వినపడేలా అరవాలనిపించింది. మొహిద్దీన్ గారు నన్ను గట్టిగా వాటేసుకుని, నమాజుకి టైమవుతోందని పరుగెత్తారు.

12.30. ఆఫీసు. కొత్త తీర్మానం. తస్లీమ్ దేనిమీద సంతకం పెడుతోందో అడగను. ఈ జన్మలో అడగను.

12.40. దేనిమీదో పెడుతోంది. అడగలేదు.

12.42. కవర్లో పెట్టి అంటిస్తోంది. మంచినీళ్ళు తాగాను.

12.45. "అడగరా సార్?" అంది.

"అడగను."

"ఇదొక్కటి అడగండి సార్."

"...ఏంటమ్మా అది?"

"హైదరాబాద్ వాళ్ళకి. రావట్లేదని రాసేశా."

కొరియర్ దాకా నేనే పట్టుకెళ్తానన్నాను. కళ్ళు తుడుచుకోవాలిగా!

అడగకూడదన్న తీర్మానం రేపటి నుంచి.