మట్టాంచేరిలో బాపు తిన్న రొట్టెలు

కొచ్చి, ఆదివారం

తిరుమలక్కా, ఇక్కడ అందరం క్షేమం, బాపు గురించి ఇక దిగులుపడకు.

అమ్మ పోయినప్పటి నుంచి రెండు ముద్దలకే చెయ్యి కడుక్కుంటున్న మనిషి, ఇక్కడికొచ్చాక అదీ మానేశాడు. చేపల హోటల్, అరబ్బు హోటల్, తమిళుల దోసెల హోటల్ అన్నీ తిప్పాం. ఎక్కడికెళ్లినా "నాకు ఆకలైతలేదు బిడ్డా" అనేవాడు.

నిన్న మట్టాంచేరి బజారులో ఒక గుజరాతీ పెద్దమ్మ తన ఇంటి ముందు గదిలో జొన్నరొట్టెలు చేత్తో కొట్టి అమ్ముతోంది. ఆ చప్పుడుకు బాపు ఆగిపోయాడు. "గిది మన రొట్టెనే గదనే" అంటూ మాకంటే ముందే లోపలికెళ్లి కూర్చున్నాడు. వంకాయ కూరతో మూడు రొట్టెలు తిన్నాడు. నాలుగోది వేయబోతుంటే "జర చిన్నది ఎయ్యమ్మా" అన్నాడు. ఆమెకు తెలుగు రాదు, నవ్వుతూ పెద్దదే వేసింది. బాపు కూడా నవ్వాడక్కా. నాకు, మీ మరిది శ్రీకాంత్‌కు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఇంకో పది రోజులు బాపును ఇక్కడే ఉంచుకుంటాం. ఆయన బీపీ మందుల చీటీ పంపు. దాంతోపాటు అరకిలో కొత్త కారప్పొడి కూడా పంపు, ఆ పెద్దమ్మకు ఇస్తానని సైగలతోనే మాటిచ్చాడు. పత్తి ఏరడం అయిపోయిందా? బావకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

ఇక ఆపుతున్నా. బాపు అప్పుడే చెప్పులేసుకుని గడప దగ్గర నిలబడి "పోదామా" అంటున్నాడు.

నీ చెల్లెలు,
వినోద