గోడకు బయట నా చోటు

మేడ మీద ఆరు గదులు అద్దెకిచ్చి బతికిన నేను, అందరూ గదులమ్మ అని పిలిచే నేను, తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా, చర్చి సంఘపెద్దగా ఉండి కన్నుమూసిన వారి భార్యనైన నేను, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ ఎవరి బతిమాలటమూ లేకుండా రాయిస్తున్న ఆఖరి వీలునామా ఇది. ఇంతకు ముందు రాసినవన్నీ ఇందుమూలంగా రద్దు. నా తెలివి మీద అనుమానమున్నవాళ్ళు డాక్టరును అడగవచ్చు. ఇవాళ ఏ వారమని ఆయన నాకు పరీక్ష పెట్టాడు. శుక్రవారమని చెప్పి, చొక్కా గుండీలు ఒకటి తప్పించి పెట్టుకున్నావు నాయనా అని కూడా చెప్పాను. ఆయన ఇచ్చిన సర్టిఫికెట్టు దీనికి జతచేశాను.

ఇల్లు ఎవరికి, కుర్చీ ఎవరికి అన్నది మీకు ముఖ్యం. నన్ను ఎక్కడ పెడతారన్నది నాకు ముఖ్యం. కాబట్టి అదే మొదటి షరతు. మిగతావన్నీ దానికి లోబడే చెల్లుతాయి.

1. నా దేహాన్ని సమాధుల తోటలో నా భర్త పక్కన పెట్టరాదు. గోడకు బయట, పంపు షెడ్డు దగ్గర, నాలుగు రోజులు బతికి పోయిన నా మొదటి బిడ్డ పక్కన పెట్టవలెను.

ఆయన పక్కన చోటు సిద్ధంగా ఉందని నాకు తెలుసు. పోయే ముందే ఆయన జంట రాయి చెక్కించారు. ఎడమవైపు ఆయన పేరు. కుడివైపు నా పేరు, పుట్టిన సంవత్సరం, ఒక గీత, గీత తర్వాత ఖాళీ. కింద పెద్ద అక్షరాలతో "ఇక ఎన్నడూ విడిపోము" అని. నన్ను ఒక్క మాట అడగలేదు. అప్పటి నుంచీ వెళ్ళినప్పుడల్లా నా పేరు మీద దుమ్ము నేనే తుడుచుకుంటున్నాను. తోటమాలి ఒకసారి ఆ ఖాళీ వైపూ నా వైపూ చూసి, "ఇంకా టైముందిలెండమ్మా" అన్నాడు. మంచివాడే, ఓదారుద్దామనుకున్నాడు.

పరలోకంలో పెళ్ళిళ్ళుండవు, మొగుడూ పెళ్ళాలన్న లెక్క ఉండదు అని పాస్టరుగారు ఒక ఆదివారం చెప్పారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆరాధన అయ్యాక పట్టుకుని, మరి ఆ రాతి మీద మాట సంగతేమిటండీ అని అడిగాను. ఆయన, "అది ప్రేమతో రాయించిన మాటమ్మా, సిద్ధాంతం కాదు" అన్నారు. నాకు సిద్ధాంతమే బాగుంది. దాన్నే పట్టుకుని ఉంటాను.

2. ఆ రాయినీ, దాని పక్కన నాకోసం ఉంచిన ఖాళీ చోటునూ మా ఆడపడుచుకు ఇస్తున్నాను. నా పేరు చెరిపించి ఆమె పేరు చెక్కించే ఖర్చు నా ఆస్తిలోంచి పెట్టవలెను.

ఆమెకు దేవుడి తర్వాత దేవుడు వాళ్ళన్నయ్య. అద్దెవాళ్ళు ఆయనకు త్రాసు అని పేరు పెట్టారు. పగలు కొట్లలో తూకపురాళ్ళు పరీక్షించేవారు, సాయంత్రం ఇంటికొచ్చి మనుషుల్ని తూచేవారు. ఎవరు పైకి పోతారో ఎవరు కిందకి పోతారో భోజనాల బల్ల దగ్గరే తేల్చేసేవారు. ఆయన్ని సాగనంపిన రోజున మా ఆడపడుచు నా భుజం మీద తలపెట్టి, "వదినా, అన్నయ్య అక్కడ గుమ్మం దగ్గరే నీకోసం ఎదురు చూస్తుంటాడు" అని ఏడ్చింది. పెళ్ళయినప్పటి నుంచీ ప్రతి ఆదివారం ఆయన గుమ్మం దగ్గర గడియారం చూసుకుంటూనే ఎదురు చూశారు. ఆలస్యమైనందుకు నిత్యత్వమంతా తిట్లు తినే ఓపిక నాకు లేదు.

3. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత మూలగదిలో ఉండే లారీ డ్రైవరుకు అప్పగిస్తున్నాను. బతికినంత కాలం ఆ గది అతనిదే, అద్దె అడగరాదు.

అతను చర్చి మెట్టు ఎక్కిన పాపాన పోలేదు. మా ఆయన తూకంలో అతనికి నరకం ఖాయం, అదీ అట్టడుగున. ఆయన మంచం పట్టాక కన్నకొడుకు ముక్కు మూసుకుని గుమ్మంలో నిలబడిపోతే, ఈ డ్రైవరే రోజూ ఆయన్ని ఎత్తుకుని స్నానాల గదికి మోశాడు. అతని మెడ పట్టుకుని వేళ్ళాడుతూనే ఆయన, "ఇప్పటికైనా మారుమనసు పొందు, లేకపోతే కాలిపోతావు" అనేవారు. "అలాగేనండి, కొంచెం తల వంచండి, గుమ్మం తగులుతుంది" అనేవాడు ఇతను. నా శవాన్ని ఎవరికైనా నమ్మి అప్పగించాలంటే నాకు ఇతనే కనిపిస్తున్నాడు.

4. ఇల్లు, గదులు, వాటిలోని సామాను నా కొడుకుకు సర్వహక్కులతో చెందుతాయి. నన్ను గోడ లోపల పెట్టిన మరుక్షణం ఆ హక్కు పోయి ఇల్లంతా డ్రైవరుదవుతుంది.

నాయనా, నువ్వు చెడ్డవాడివి కాదు. మీ మేనత్త ముందు నీకు నోరు పెగలదు, అంతే. ఆఖరి గడియలో అమ్మ మనసు మార్చుకుందని చెప్పమని ఆమె నిన్ను పోరుపెడుతుంది. నేను మార్చుకోలేదు. ఇల్లు పోతుందని చెప్పి నా మీదికి నెట్టెయ్. అప్పటికి నన్ను ఆమె ఎలాగూ ఏమీ చేయలేదు.

5. నా నీలం శాలువా, తాళాల గుత్తి కోడలికి. ఈ ఇంట్లో అడుగుపెట్టిన కొత్తల్లోనే బట్టలు మడతపెడుతూ, "పాపకి ఏం పేరు పెట్టాలనుకున్నారు అత్తయ్యా" అని అడిగింది. అంతకు ముందు ఎవరూ అడగలేదు. చెప్పాను. శాలువా చిరుగు పట్టినా పారేయవద్దు తల్లీ, కుట్టుకో.

6. వరండాలోని చెక్క బల్ల పాస్టరుగారికి. గోడ బయట వేసుకుని కూర్చుని నాకోసం ప్రార్థన చేయవచ్చు. బయట చేయకూడదని నియమమేదైనా ఉంటే లోపలే నిలబడి కాస్త గట్టిగా చదవమనండి. గోడ ఛాతీ ఎత్తే.

పైన లెక్కలేనన్ని గదులున్నాయని ఆయన చెప్పినప్పుడల్లా గదుల వ్యాపారం చేసినదాన్ని గనుక నాకు సందేహాలొస్తాయి. పక్కగదిలో ఎవరుంటారో ముందే చెబుతారా? రాత్రే ఉండదంటారు, మరి నడుం వాల్చేదెప్పుడు? ఎల్లకాలం పాటలు పాడుతూనే ఉంటారట. మా మేడ మీద ఒక వయొలిన్ అబ్బాయి దిగితే వారం తిరక్కుండా పక్కగదులు ఖాళీ అయ్యాయి. అయినా నిజంగా గది ఇస్తే కాదనను. కిటికీ ఉంటే చాలు.

7. ఇక నా బిడ్డ సంగతి. పుట్టినప్పటి నుంచే దానికి ఊపిరి సరిగా ఆడలేదు. అప్పటి పాస్టరును ఇంటికి పిలిపించి బాప్తిస్మం ఇప్పించండని మా ఆయన కాళ్ళు పట్టుకున్నాను. "ఆదివారం సంఘం ముందే జరగాలి, మన ఇంటికో పద్ధతి, లోకానికో పద్ధతా?" అన్నారు. ఆదివారం దాకా ఆగే ఓపిక బిడ్డకు లేకపోయింది. బాప్తిస్మం లేని బిడ్డకు తోటలో చోటు లేదని పెద్దలు తీర్మానించారు. మొదటి సంతకం మా ఆయనదే. నేను ఆయన్ని క్షమించలేదు. క్షమించకపోతే పరలోకం లేదంటారు. ఆ సంగతి నేను అక్కడే తేల్చుకుంటాను.

ఇప్పుడా నియమం తీసేశారట. పసివాళ్ళందరూ పరలోకానికే వెళ్తారని ఒప్పుకున్నారట. చాలా సంతోషం. మరి ఇన్నాళ్ళూ నా బిడ్డను ఎక్కడ నిలబెట్టారో ఎవరూ చెప్పలేదు. "పాప ఎప్పుడో పైన ఉందమ్మా, మీరు లోపలికి వచ్చేయండి" అంటారు పాస్టరుగారు. ఉంటే ఉండనీ.

బంగారు వీధులు, ముత్యాల గుమ్మాలు నేనంతగా పట్టించుకోలేదు. కానీ చివరి దినాన బూర మోగుతుందని, సమాధులు తెరుచుకుంటాయని మాత్రం నమ్ముతాను. ఆ పొద్దున గోడ లోపల ఒకటే హడావిడిగా ఉంటుంది. ఎవరి వాళ్ళను వాళ్ళు వెతుక్కుంటారు. గోడ బయటికి తొంగిచూసే తీరిక ఎవరికీ ఉండదు. పసిపిల్ల నిద్రలేస్తే ముందు ఏడుస్తుంది. దానికి నడక రాదు, ఎవరి ముఖమూ తెలియదు. అందుకని నన్ను చేయి చాపితే అందేంత దగ్గరగా పెట్టండి.

తేదీ: 2014 నవంబరు 14, శుక్రవారం.

సంతకం: గదులమ్మ

సాక్షులు:
రెండో గదిలో ఉండే నర్సు
ఎదురింటి టైలరు