బయాలజీ అట్ట వేసిన నోటుబుక్కు

విజయవాడ,
ఫిబ్రవరి 2.

చిరంజీవి అఫ్సాకు,

హాస్టల్లో మీకు అన్నం వడ్డించే శౌరమ్మాంటీ ప్రేమతో రాసేది. నీ ఒంట్లో ఎలా ఉంది? అమ్మగారూ నాన్నగారూ కులాసాయేనా?

నాకు ఉత్తరాలు రాసే అలవాటు లేదు. రెండుసార్లు మీ నాన్నగారికి ఫోన్ చేశాను. మొదటిసారి "ఎవరండీ, కాస్త గట్టిగా మాట్లాడండి" అని అడిగి అడిగి విసుగొచ్చి పెట్టేశారు. రెండోసారి హాస్టల్ అన్న మాట వినగానే పెట్టేశారు. ఆయన తప్పు లేదు. ఇక ఊరుకుందామనుకున్నాను. కానీ నిన్న నీ పక్క మంచం క్రిస్టినా వచ్చి, వంటగది గుమ్మంలో కూర తరుగుతున్న నన్ను పట్టుకుని ఏడ్చింది. "ఆంటీ, అఫ్సా పుస్తకం నేనే మేడమ్‌కి ఇచ్చానంట. ఇంక జన్మలో నా మొహం చూడదంట. నేను అట్టాంటిదాన్నా ఆంటీ?" అంది. ఆ పిల్ల నెత్తిన నా తప్పు ఉంది. అది దించడానికే కలం పట్టాను.

నీ పుస్తకం ఇచ్చింది క్రిస్టినా కాదమ్మా. నేను.

మొదటి నుంచీ చెబుతాను. నెలకొకసారి ఆదివారం మీరంతా టిఫిన్‌కి వెళ్ళినప్పుడు పెట్టెలు వెతకమని వార్డెన్ సంపూర్ణమ్మ మేడమ్ నన్ను పంపుతారని నీకు తెలుసు. సెల్‌ఫోన్లు, తినుబండారాలు, సిలబస్‌లో లేని పుస్తకాలు పట్టుకోవాలి. పోయిన ఆగస్టులో నీ పెట్టెలో బయాలజీ అని అట్ట వేసిన నోటుబుక్కు తెరిచాను. లోపల బొమ్మ ఒక్కటీ లేదు, అన్నీ మాటలే. అది నేను అప్పుడే మేడమ్‌కి ఇవ్వాలి. ఇవ్వలేదు. నీ మంచం మీద కూర్చుని చదివాను. మళ్ళీ నెల ఎప్పుడు వస్తుందా అని ఎదురు చూశాను. తరువాత తరువాత నెల దాకా ఆగలేక ప్రతి ఆదివారం చర్చిలో ఉదయం పూజ నుంచి తిన్నగా నీ గదికి వచ్చేదాన్ని. దొంగతనమే అది.

పద్యంలో రాజు ఉన్నదంతా దానం చేశాడు సరే, ఆ పూట రాణి ఏమి తిన్నదో కవి రాయలేదని రాశావు. నలభై ఏళ్ళ కింద మా తెలుగు మాస్టారు ఇలాంటి పద్యమే చెబితే నేను బట్టీ పట్టి పది మార్కులు తెచ్చుకున్నాను గానీ, ఆ రాణి ఒకతె ఉందని నాకు తోచలేదు. వ్యాసాల పోటీకి వచ్చిన జడ్జిగారు "మీవాళ్ళు కూడా తెలుగు ఇంత బాగా రాస్తారా" అన్న రోజు రాసింది ఇంకా గుర్తుంది. "నాకు కోపం వచ్చేది తెలుగులో, కలలు వచ్చేది తెలుగులో. నేను ఇక్కడిదాన్నే అనడానికి ఇంకా ఏ పరీక్ష రాయాలి" అని. నా గురించీ రాశావు. శౌరమ్మాంటీ గరిటె ముందు వెనక్కి తీసుకుని, మా మొహం చూసి మళ్ళీ వేస్తారు, మేడమ్ కొలత ఒకటి, ఆంటీ కొలత ఒకటి అని. నన్ను అంత పరకాయించి చూసిన మనిషి ఇంకెవరూ లేరు. మా ఆయన కూడా చూడలేదు.

డిసెంబర్ మూడో ఆదివారం ఒక కొత్త పేజీ చూశాను. "అమ్మా, నన్ను ఇంటికి తీసుకుపొమ్మని మూడుసార్లు చెప్పాను. ఇక చెప్పను. నా పెన్నులు, జడ క్లిప్పులు చెల్లికి ఇవ్వండి. పొద్దున లేవడమే నాకు బరువుగా ఉంది. నన్ను ఇక ఎవరూ లేపొద్దు." అక్కడికి పేజీ అయిపోయింది. పేజీ తిప్పలేదు. పుస్తకం కొంగు కింద పెట్టుకుని మెట్లు దిగి సంపూర్ణమ్మ మేడమ్ బల్ల మీద పెట్టాను. ఆవిడ చదివి, "మంచి పని చేశావు శౌరమ్మా. రేపు ఏదన్నా అయితే మనిద్దరి ఉద్యోగాలూ పోయేవి" అన్నారు.

తరువాత జరిగింది నీకు తెలుసు. ప్రిన్సిపాల్ సారు ఆ పేజీ ప్రేయర్లో అందరి ముందూ చదివారు. కథల పుస్తకాలు చదివితే ఇట్టా తయారవుతారని చెప్పారు. వెనక వరసలో ఎవరో నవ్వారు. నువ్వు తల వంచుకోలేదు, ఎదురుగా గోడ వైపు చూస్తూ నిలబడ్డావు. మధ్యాహ్నానికి మీ నాన్న ఖాలిక్ గారు షాపులోంచి ఉన్నపళాన మైలవరం బస్సెక్కి వచ్చారు. మోటార్లు వైండింగ్ చేసే చేతులు, చొక్కా నిండా గ్రీజు. "సార్, మా పిల్ల ఏమన్నా దొంగతనం చేసిందాండీ?" అని అడిగారు. "లేదండీ." "ఎవరినన్నా తిట్టిందా?" "అబ్బే, లేదు." "మరి పెట్టె ఎందుకు సర్దమంటున్నారండీ?" సారు ఏదో కాగితం ముందుకు జరిపి, పిల్ల ఇంటి దగ్గర చదువుకుని పరీక్షలకు వచ్చి రాస్తే చాలన్నారు, బాధ్యత తమది కాదన్నారు. ఆయన సంతకం పెట్టి, కాగితానికి అంటిన గ్రీజు మరక తుడవబోయి ఇంకా పెద్దది చేశారు. నేను తలుపు పక్కనే నిలబడి ఉన్నాను.

వారం తరువాత మీ తెలుగు టీచర్ సీతారావమ్మ గారు మెస్సులోకి వచ్చి నన్ను నిలదీశారు. పట్నంలో ఒక ఇంట్లో పనికి పెట్టిన మంగ అనే పిల్ల కథ తాను క్లాసులో చెప్పానని, ఆ పిల్ల ఉత్తరాలు ఇంట్లో చదివేవాళ్ళు లేరని, మంగ రాసిన ఆఖరి ఉత్తరం మీరే ఊహించి రాయండని హోంవర్క్ ఇచ్చానని చెప్పారు. "పేజీ తిప్పితే కింద 'ఇట్లు మంగ' అని ఉందండీ. పదో తరగతి చదివారుగా, పాత్రలోకి వెళ్ళి రాయడమంటే తెలీదా అండీ మీకు?" అన్నారు. తెలియదండీ అన్నాను. సారుకీ చూపించారట, సంతకమైన కాగితం ఇక మార్చలేమన్నారట.

కథను నీ ప్రాణమనుకున్నాను తల్లీ. చదవడం రాని మనిషి చదివితే ఇంతే. నీ చదువూ, నీ పరువూ, నీ స్నేహమూ ఒక్క పూటలో పాడు చేశాను. ఆ రోజు నుంచి జపమాల చేతిలోకి తీసుకుంటే నోట మాట రావడం లేదు. పూసలు తిప్పుతున్నానంతే. నన్ను క్షమించకపోయినా సరే, క్రిస్టినాతో మాట్లాడు. పుస్తకాలు ముట్టడం లేదని, పరీక్ష రాయనంటున్నావని విన్నాను. రాయమ్మా.

హాస్టల్‌కి వచ్చే ఉత్తరాలు మేడమ్ విప్పుతారు. అందుకని గుణదలలో మా ఇంటి అడ్రసు కింద రాశాను.

ఇట్లు,
నీ మేలు కోరే
శౌరమ్మ


గుణదల,
ఫిబ్రవరి 17.

నా తల్లి అఫ్సాకు,

నీ ఉత్తరం అందింది. నాలుగు రోజులుగా రవికలో పెట్టుకుని తిరుగుతున్నాను. హాస్టల్‌కి ఫోన్ చేసి క్రిస్టినాతో మాట్లాడావట. మెస్సులో ఎగురుకుంటూ వచ్చి, "ఆంటీ, అది నన్ను తింగరిదానా అంది. పాత అఫ్సాయే" అని చెప్పింది. ఆ పిల్ల మొహం చూసి నేనూ నవ్వాను. నువ్వు నాకు రాసింది దానికి తెలియదు గదా.

నువ్వు రాసిన మాటలు నాకు కంఠతా వచ్చేశాయి. "ఆంటీ, మీరు తప్పు చదవలేదు. టీచర్ గారు హోంవర్క్ ఇచ్చిన మాట నిజమే. ఆ ఉత్తరం కింద ముందు నా పేరే రాసి, కొట్టేసి, మంగ అని పెట్టాను. మంగ పేరు ఉంటే ఎవరైనా బాగా రాశావంటారు, మార్కులేస్తారు. నాన్నకు మూడు ఆదివారాలు ఫోన్లో తీసుకుపొమ్మని చెప్పాను. వచ్చి మోటార్లకు తీగ చుడతావా మరి అని నవ్వాడు. కథే కదా అని ఇప్పుడు అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నేనూ కథే అన్నాను. చదవడం వచ్చినవాళ్ళకు తెలియలేదు, మీకు తెలిసింది. కానీ పుస్తకం మేడమ్‌కి ఎందుకిచ్చారు ఆంటీ? నా మంచం మీద కూర్చుని చదివారు కదా. నేను వచ్చేదాకా ఇంకో పది నిమిషాలు కూర్చుని ఉంటే, నన్ను అడిగి ఉంటే, మీకు చెప్పేదాన్ని."

తప్పు చదివానని ఏడ్చినన్నాళ్ళూ ఎక్కడో ఒక మూల చల్లగా ఉండేది. పిల్లకు ఏమీ లేదు, నేనే పిచ్చిదాన్ని అనుకునేదాన్ని. ఇప్పుడు ఆ కాస్తా పోయింది. సరిగ్గా చదివి, సరిగ్గా అర్థం చేసుకుని, నిన్ను తీసుకెళ్ళి ఉద్యోగాల లెక్క చూసుకునేవాళ్ళ బల్ల మీద పెట్టాను. దీనికి ఏ పేరు పెట్టాలో నాకు తెలియదు.

నాకు తెలిసిందని రాశావు గనుక, ఎలా తెలిసిందో చెబుతాను. ఇది మా ఆయనకు చెప్పలేదు. నలభై ఏళ్ళుగా పాపసంకీర్తనంలో మోకరించి చిన్న చిన్న అబద్ధాలన్నీ చెప్పుకున్నాను గానీ, ఇది ఏ ఫాదర్ గారికీ చెప్పలేదు. నేను పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైన ఏడాది ఒక పొద్దున ఏలూరు కాలవ గట్టుకు వెళ్ళాను. కాలేజీ వద్దన్నారు, కానీ అది కారణం కాదు. కారణం ఏమిటో ఇప్పటికీ చెప్పలేను. నిద్ర లేవడం బరువుగా ఉండేది, అచ్చం నువ్వు రాసిన మాటే. అక్కడ ఎవరో ఒకావిడ బట్టలు ఉతుకుతోంది. నా వైపు ఒకసారి చూసి, "అమ్మాయ్, ఈ దుప్పటి అటు చివర పట్టుకో, పిండాలి" అంది. పట్టుకున్నాను. "ఇంకోటుంది, పోబాకు" అంది. మూడు దుప్పట్లు పిండేసరికి ఎండెక్కింది. చేతులు నొప్పులు పుట్టాయి. "ఇంటికెళ్ళి ఏమన్నా తిను, మొహం పీక్కుపోయింది" అంది. వెళ్ళి చద్దన్నం తిన్నాను. ఆవిడ తెలిసి పిలిచిందో, తెలియక పిలిచిందో నాకు తెలియదు. పేరు కూడా అడగలేదు. మరియతల్లికి ఎన్ని కొవ్వొత్తులు వెలిగించినా నాకు ముందు ఆవిడే గుర్తొస్తుంది.

ఆవిడ ఎవరినీ కేకేయలేదు. నన్ను ఎవరికీ అప్పగించలేదు. దుప్పటి పట్టుకోమంది, అంతే. నాకు ఆ పాటి చేతకాలేదు.

శనివారం సెలవు పెట్టాను. పది గంటల బస్సుకు మైలవరం వస్తాను. నీ పక్కనే కూర్చుని మీ అమ్మ ముబీనా గారికి అంతా చెబుతాను. నువ్వు చెబితే సరే, నీకు నోరు రాకపోతే నేను చెబుతాను. నీ వెనక చెప్పను. ఆ ఉత్తరంలో ఉన్నది మంగ కాదు, మీ పిల్లేనని మీ నాన్నగారికి తెలియాలి. మా గుడిలో సిస్టర్ గారికి తెలిసిన డాక్టరమ్మ ఒకరు ఇలాంటి బరువులకు వైద్యం చేస్తారట. నీకు ఇష్టమైతే వెంట వస్తాను, అక్కడా నోరు మూసుకుని పక్కన కూర్చుంటాను. నేను వచ్చే లోపల ఏ పూటైనా ఆ బరువు ఎక్కువైతే అమ్మగారిని పిలువు, చెల్లిని పిలువు, అందరూ పనిలో ఉన్నా సరే పిలువు. చెప్పినందుకు నువ్వు నాతో మాట్లాడడం మానేసినా నేను చెబుతాను. నీ సంగతి దాస్తానని మాట ఇవ్వలేను తల్లీ. మంచి మాటలు కూడా నా దగ్గర లేవు. అన్నీ సర్దుకుంటాయని రాయబోయి ఆగాను. నాకే నమ్మకం లేనిది నీకు ఎలా రాయను?

నా సంగతి మాత్రం నీ దగ్గరే ఉండనీ. మా ఇంట్లో వాళ్ళకు తెలిస్తే ఈ వయసులో వాళ్ళ ముందు తలెత్తలేను. ఈ ఉత్తరం చించేయకు, ఎందుకో చించమనాలని లేదు. ఏదో ఒక పుస్తకంలో పెట్టి ఉంచు. క్రిస్టినాకైనా చూపించకు.

ఇట్లు,
శౌరమ్మ