బావి లేని డ్రాయింగ్

జూన్ 3, మంగళవారం
కమలాకర్ సారు ఇరవై ఏళ్లు ఆటోకాడ్‌లో గీతలు గీసి, ఇప్పుడు మా నల్గొండ ఆఫీసుకు బిమ్ మేనేజర్, అంటే కట్టబోయే బిల్డింగుల త్రీడీ మోడళ్లకు పెద్ద. ఆయన చేసిన త్రీడీ మోడల్ తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. సిస్టమ్ పాతదైందంటాడు. ఆడలేక మద్దెల ఓడు. లోపల చూస్తే పదకొండు డ్రాయింగులు, అన్నీ ఇంపోర్ట్ చేసినవే. లింక్ చేయాలి మహానుభావా. లింక్ అయితే సర్వేవాళ్లు ఫైలు మార్చినప్పుడు రీలోడ్ కొడితే మన దగ్గరా మారుతుంది. ఇంపోర్ట్ ఎప్పటికీ పాతదే. చెప్పాను. "గీత గీతే గద బిడ్డా, జర నీ పని చూస్కో" అన్నాడు, అందరి ముందూ. పక్క సీటు నవీన్‌కుమార్ నవ్వాడు. వాడికి లేయరంటే కేకులోదే తెలుసు.

జూన్ 4
అడ్డమొచ్చిన డ్రాయింగును డిలీట్ చేయడట, హైడ్ చేస్తాడట. చెత్తను మంచం కిందికి ఊడ్చే రకం.

జూన్ 5, సాయంత్రం 5
దొరికాడు.
బాలికల హాస్టల్ సైటుకు సర్వేవాళ్లు పోయిన నెలే కొత్త ఫైలు పంపారు. అందులో పూడ్చేసిన పాత బావి ఉంది. అందుకే ఆర్కిటెక్ట్ మూల పిల్లర్‌ను నాలుగు మీటర్లు జరిపింది. సారు మోడల్లో పాత డ్రాయింగే. బావి లేదు. పిల్లర్ సరిగ్గా దాని నడినెత్తిన. ఆ షీటే ప్రింటయి సైటుకు పోయింది.
ఇప్పుడు చెబితే చాటుగా దిద్దుకుని తానే కనిపెట్టానంటాడు. సోమవారం మీటింగులో, ఓనర్ ముందు, పెద్ద స్క్రీన్ మీద చూపిస్తాను. తవ్వకం ఎలాగూ బుధవారమే.

జూన్ 6
స్లైడ్లు అయ్యాయి. బావికి ఎర్ర రంగు వేశాను. ఆయన మొహం తలచుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

జూన్ 8, ఆదివారం
రేపటి నుంచి మూఢమట. మంచి రోజు దాటిపోతుందని మేస్త్రీ గాలయ్య నిన్న పొద్దున్నే ముగ్గు పోయించి తవ్వకం మొదలుపెట్టించాడట. మధ్యాహ్నానికి మూల గుంటలో మట్టి కుంగింది. భిక్షం అనే కూలీ నడుం దాకా కూరుకుపోయాడు. తీశారు. దవాఖానలో ఉన్నాడు. కాలు దక్కేది లేనిది రేపు చెబుతారట. "కాయితంల బాయి లేదు సారూ, నేనేం జేతు" అని గాలయ్య ఒకటే ఏడుపట. నవీన్‌కుమార్ ఫోన్ చేసి చెప్పాడు.
ఫోన్ పెట్టేసి స్లైడ్లు డిలీట్ చేశాను. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను. నామీద నాకే అసహ్యంగా ఉంది.

జూన్ 9
మీటింగులో కమలాకర్ సారు లేచి, తప్పు నాదే అన్నాడు. "గా పిల్ల మంగళవారమే చెప్పింది, నేనే ఇనలే" అన్నాడు. అందరూ నావైపు మెచ్చుకోలుగా చూశారు. తలూపాను.

జూన్ 10
భిక్షం ఎడమకాలు మోకాలి దాకా తీసేశారు. సారు కుర్చీ నాకిచ్చారు. కూర్చున్నాను.